తలకట్టు అంటుకున్న ప

జులై నెల ఆఖరి ఆదివారం, పగలు పన్నెండు గంటల పది నిమిషాలు. మా చర్చి వెస్ట్రీ గది, అంటే కమిటీ కూర్చునే గది, గోడకున్న గడియారంలో ఆ రోజు చూసిన టైమే రాస్తున్నాను. అది అయిదు నిమిషాలు ముందుంటుందని కొందరంటారు. ఉంటే ఉండనివ్వండి. ఆ గడియారం ప్రకారం పన్నెండూ పదికి మా పాస్టరు అయ్యగారు ఆఖరి చీటీ విప్పి, అందరికీ కనపడేట్టు పైకెత్తి, "వ" అన్నారు.

ఆ చీటీ నాది. నేను రాసింది ప.

మీటింగు ఏదైనా సరే, మొదట ఏ రోజో ఏ టైమో, ఆఖర్న వచ్చినవాళ్ళ పేర్లూ రాయడం నాకు అలవాటు. మా చర్చిలో స్త్రీల సమాజం మినిట్సు పుస్తకం పదకొండేళ్ళుగా నేనే రాస్తున్నాను. ఇదీ అలాగే రాస్తాను. కాకపోతే ఇందులో పేర్లుండవు. మా ఊరివాళ్ళు చదివితే ఎవరు ఎవరో వాళ్ళకే తెలుస్తుంది. బయటివాళ్ళకి తెలియక్కర్లేదు.

సంగతేంటంటే, దేశంలో ఉన్న మా చర్చిలన్నింటి యువతకీ ఢిల్లీలో నాయకత్వ సదస్సు పెడుతున్నారని పైనుంచి కాగితం వచ్చింది. ఒక్కో సంఘం నుంచి ఒక్కరే ప్రతినిధి. పద్దెనిమిది నిండాలి, పాతిక దాటకూడదు. ఒక పేజీ వ్యాసం రాసివ్వాలి, కమిటీ ముందు కూర్చుని మాట్లాడాలి. కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. సదస్సుకి వెళ్ళొచ్చినవాళ్ళు డిగ్రీ చదువుతున్నా, మధ్యలో ఆగి మళ్ళీ చదువుతానన్నా, చదువయ్యేదాకా రాజమండ్రిలో చర్చివాళ్ళ హాస్టల్లో ఉంచుకుంటారట. ఆ ముక్క కమిటీలో చాలామంది చూడలేదు. చదువుకున్నవాళ్ళు కాగితాన్ని పైనుంచి కిందికి ఒక్క చూపు చూసి పక్కన పడేస్తారు. నేను వేలు పెట్టి చదువుతాను కాబట్టి ఏ ముక్కా నా వేలి కింద నుంచి తప్పించుకోదు.

వ్యాసాలు ఇద్దరే ఇచ్చారు. ఇద్దరూ ఆడపిల్లలే. ఇద్దరి పేరూ ఒకటే. బైబిల్లో ఉన్న పేరే, మా సంఘంలో అయిదారుగురికి ఉంది. ఇంటిపేర్లే తేడా. ఒకరిది ప తో మొదలవుతుంది, ఒకరిది వ తో. అందుకని ప పిల్ల, వ పిల్ల అనే రాస్తాను.

వ పిల్ల చర్చిలో కీబోర్డు వాయిస్తుంది. రాజమండ్రిలో మేనమామ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతోంది. మాటా మంచిది, నడతా మంచిది. వంక పెట్టడానికి లేదు.

ప పిల్లది కాలవ అవతలి పేట. తండ్రి రొయ్యల చెరువు మీద కాపలా ఉంటాడు. డిగ్రీ రెండో ఏడు మధ్యలో ఆగిపోయింది. వాళ్ళ వైపు బస్సు తిరగడం మానేశాక రోజూ రాజమండ్రి వెళ్ళిరావడం కుదరక, రొయ్యలు ఒలిచే షెడ్డులో చేరింది. పొద్దున్నే వ్యాను వచ్చి ఎక్కించుకుపోతుంది. ఇంక చదువు మాటెత్తొద్దు, వచ్చే నెల నుంచి షెడ్డులో పర్మనెంటు చేయిస్తున్నాను అని తండ్రి చెప్పేశాడు. ఆ పిల్లకి మిగిలిన దారల్లా కాగితం అడుగున ఉన్న ఆ చిన్న అక్షరాల ముక్క. అది నాకు తెలుసు, ఆ పిల్లకి తెలుసు.

ఇప్పుడు నా సంగతి కొంచెం చెప్పాలి.

నేను బడికి వెళ్ళలేదు. నాట్లకీ కోతలకీ వెళ్ళాను. నలభై రెండో ఏట అక్షరాలు నేర్చుకున్నాను. నేర్పింది వ పిల్ల నాయనమ్మ. ఆవిడ బైబిలు స్త్రీగా పనిచేసేది. అంటే ఇంటింటికీ తిరిగి చదువురాని ఆడవాళ్ళకి బైబిలు చదివి వినిపించే ఉద్యోగం. నాకు వినడం చాల్లేదు. నువ్వు చదివింది అందులో నిజంగా ఉందో లేదో నాకెలా తెలుస్తుంది అని మొహం మీదే అడిగాను. కోప్పడుతుందనుకున్నాను. పలక తెచ్చింది. మధ్యాహ్నం పూట చర్చి వరండాలో ఎదురుగా కూర్చోబెట్టి, స్కేలు పక్కన పెట్టుకుని దిద్దించింది.

అన్నీ వచ్చాయి గానీ ప దగ్గర నా చెయ్యి మొండికేసింది. ప కి తలకట్టు విడిగా ఉండాలి. అంటుకుంటే వ అయిపోతుంది. "బలపం ఎత్తమ్మా, ఎత్తి పెట్టు" అని ఆవిడ వెయ్యిసార్లు చెప్పి ఉంటుంది. నా చెయ్యి ఎత్తదు. నాట్లు వేసే చెయ్యి కదా, బురదలోంచి పైకి లేవకుండా గుచ్చుకుంటూ పోవడమే దానికి అలవాటు. స్కేలు దెబ్బలు తిన్నా రాలేదు. అప్పుడు నేనే ఒక ఉపాయం చేశాను. వ రాసినప్పుడు మొదట్లో ఎడమ పక్కన చిన్న సున్న చుట్టడం మొదలుపెట్టాను. సున్న ఉంటే వ, లేకపోతే ప. ఆవిడ చూసి చూసి విసిగిపోయి, సరే, నీకు తెలిస్తే చాల్లే అంది. ఆ మాటతో నేను దిద్దుకోవడం మానేశాను. అక్కడ ఆవిడా తప్పు చేసింది, నేనూ చేశాను. రాసినదాన్ని చదివేది రాసినవాళ్ళే కాదు కదా.

చీటీల పద్ధతి పెట్టించింది కూడా నేనే. అంతకుముందు ఏం తేల్చుకోవాలన్నా కమిటీలో చేతులెత్తేవాళ్ళం. రిటైరైన హెడ్మాస్టారు ముందు చెయ్యెత్తేవారు, ఆయన వైపు చూసి తక్కినవాళ్ళెత్తేవాళ్ళు. పోయినసారి మీటింగులో నేను ఊరుకోలేదు. చీటీలు వేద్దాం, ఎవరు ఎవరికి వేశారో దేవుడికి తెలిస్తే చాలు అన్నాను. కోశాధికారి, రైసుమిల్లులో కాటా దగ్గర కూర్చునే అబ్బాయి, నవ్వాడు. నన్ను దొడ్డమ్మా అని పిలుస్తాడు. దొడ్డమ్మ చీటీ మాత్రం దేవుడొక్కడే చదవగలడండి అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ మాట అతను ఊరికే అన్నాడు.

వ్యాసాలు రెండూ నా ఇంటికి తెచ్చుకుని మూడు మధ్యాహ్నాలు చదివాను. చదువుతున్నంతసేపూ భయమే. వీళ్ళ బతుకులు నా వేలి కింద ఉన్నాయి, ఒక్క మాట తప్పు చదివితే ఒకరికి అన్యాయం జరిగిపోతుందని ప్రతి వరసా రెండుసార్లు చదివాను. చదవడంలోనే తప్పు వస్తుందేమోనని భయపడ్డాను. రాయడంలో వస్తుందన్న ఆలోచనే రాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక వెస్ట్రీలో కూర్చున్నాం. అయ్యగారు, హెడ్మాస్టారు, కోశాధికారి, యువజన సెక్రటరీ, నేను. ఓటున్నది మా అయిదుగురికే. సెక్రటరీ కరెంటాఫీసులో పనిచేసే కుర్రాడు, ఈ ఢిల్లీ వ్యవహారమంతా అతని ఫోన్లోనే నడుస్తోంది. ఫారం ఆ రోజే ఆన్‌లైన్లో పంపెయ్యాలి, అదే ఆఖరి రోజు.

ముందు వ పిల్లని పిలిచారు. నాయకత్వం గురించి అడిగితే చక్కగా చెప్పింది. మధ్యలో ఇంగ్లీషులో రెండు మాటలన్నప్పుడు హెడ్మాస్టారి మొహం వెలిగిపోయింది. తర్వాత ప పిల్ల వచ్చింది. చేతులు చున్నీ కింద దాచుకుంది. ఐసులో నానీ నానీ వేళ్ళు తెల్లగా పాలిపోయి, కొసల్లో చర్మం లేచిపోయి ఉంటాయి, అవి కనపడకుండా. హెడ్మాస్టారు అడిగిందానికి నసిగింది. రెండోసారి అడిగినా అంతే. నాకు ఆగలేదు. పుస్తకంలో ఉన్నది వద్దమ్మా, నీకు తెలిసింది చెప్పు అన్నాను.

"షెడ్డులో బాత్రూముకి వెళ్ళాలంటే టోకెను అడగాలండి మామ్మగారూ," అంది. "పూటకి ఒకటే ఇచ్చేవారు. ఎవరికి వాళ్ళం అడిగితే తిట్టేవారు. నేను లైనులో ఉన్న పదకొండుమందినీ ఒకేసారి చేతులు కడుక్కుని లేచి నిలబడమన్నాను. నిలబడ్డాం. రెండో టోకెను ఇచ్చారండి. అదే నాయకత్వమో కాదో నాకు తెలీదు."

నా మనసులో చీటీ అప్పుడే పడిపోయింది.

పిల్లలిద్దర్నీ బయటికి పంపి, అయ్యగారు పాత క్యాలెండరు కాగితం అయిదు ముక్కలు చేసి పంచారు. ఇద్దరి పేరూ ఒకటే కాబట్టి ఇంటిపేరులో మొదటి అక్షరం ఒక్కటి రాస్తే చాలన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. పేరంతా రాయాలంటే అందులో ఒత్తులున్నాయి, నాకు టైము పడుతుంది, అందరూ నా చెయ్యి వైపే చూస్తూ కూర్చుంటారు. ఒక్క అక్షరమైతే ఎంతసేపు. గబగబా రాసి మడిచి కానుకల పళ్ళెంలో వేసేశాను. అందరికన్నా ముందు వేసింది నేనే. అదీ ఒక గొప్పనుకున్నాను.

అయ్యగారు ఒక్కొక్కటే తీశారు. వ. తర్వాత ప. తర్వాత మళ్ళీ ప. తర్వాత వ. రెండూ రెండూ. అడుగున మిగిలింది నాది. నేను నాలుగు మడతలు పెడతాను, చూస్తే తెలిసిపోతుంది. ప పిల్ల వెళ్తోంది అనుకుని పమిట సర్దుకున్నాను.

అప్పుడే ఆయన "వ" అన్నది.

ముందు ఆయన తప్పు చదివారనుకున్నాను. కాగితం పైకెత్తి పట్టుకున్నారు కదా, చూశాను. అక్కడ వ ఉంది. నా చేత్తో రాసిన, నా వంకర అక్షరం, తలకట్టు వచ్చి ఒంటికి అంటుకుని ఉంది. నాకు అది ప. లోకంలో ఇంకెవరికైనా అది వ. వ పిల్ల తల్లి కిటికీ దగ్గర నిలబడి ఉంది, ఆవిడ వినేసింది. గుమ్మంలోకి వచ్చి చేతులు జోడించి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. నాకు అక్షరాలు నేర్పినావిడ కోడలు ఆవిడ. స్త్రీల సమాజంలో నా పక్కనే కూర్చుంటుంది, నన్ను అక్కా అని పిలుస్తుంది.

సెక్రటరీ ఫోను తీసి ఫారం నింపేస్తున్నాడు. పేరు ముందే కొట్టి పెట్టుకున్నాడు, ఇంటిపేరొక్కటే ఖాళీగా ఉంది. అదీ అయిపోయిందండి, ప్రార్థన అవగానే పంపేస్తాను అన్నాడు. సరే ప్రార్థన చేసుకుందాం అని అయ్యగారు లేచారు. అందరూ లేచి కళ్ళు మూసుకున్నారు.

మా అయ్యగారి ప్రార్థన పొడుగు. అన్నాలు చల్లారిపోతున్నాయండి అని నేనే ఆయన మొహాన రెండుమూడుసార్లు అన్నాను. ఆ రోజు మాత్రం అది అయిపోకూడదని నేను వేరే ప్రార్థన చేసుకుంటున్నాను. ఆమేన్ అనగానే ఆ కుర్రాడి వేలు ఫోను మీద పడుతుంది. పడితే ఇంక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. ఆయన దేశం కోసం ప్రార్థన చేస్తున్నారు, వానల కోసం, జబ్బు మనుషుల కోసం. నేను కళ్ళు తెరిచే ఉన్నాను. పళ్ళెంలో అయిదు చీటీలు. ఫ్యాను గాలికి నాది కదులుతోంది.

నోరు విప్పితే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఫలితం చూసి మాట మార్చిందంటారు. కోశాధికారి ఆ మాట అనకుండా ఉండడు. నిజమని చూపించాలంటే నా దగ్గర ఉన్నది ఒక్కటే, ఆ మినిట్సు పుస్తకం. దాన్ని తీసి వీళ్ళ ముందు పెట్టడమంటే, పదకొండేళ్ళుగా నేను రాసిన ప్రతి అక్షరం చదువుకున్నవాళ్ళ ముందు గుడ్డ విప్పి పరిచినట్టే. నేను రాస్తాను అనే మాట మీద నేను తలెత్తుకు తిరుగుతున్నాను. ఆ మాట ఈ మధ్యాహ్నంతో పోతుంది. పుస్తకం చేతిలోంచి తీసేసుకుంటారు. పైగా గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటున్న ఆవిడ. ఆవిడ అత్తగారే లేకపోతే నేను ఏ అక్షరమూ రాసేదాన్ని కాదు.

మాట్లాడకపోతే ఎవరికీ ఏమీ తెలియదు. వ పిల్లా మంచిదే, వెళ్తే తప్పేముంది. ఇలా నాకు నేను నచ్చజెప్పుకుంటున్నాను, నిజమే రాస్తున్నాను. దేవుడికి తెలిస్తే చాలు అని ఆ పద్ధతి పెట్టించింది నేనే గదా. తెలిసింది. ఆయనకొక్కడికే తెలిసింది. దానికి మించిన భయం నాకు జన్మలో లేదు.

కిటికీలోంచి వేపచెట్టు కింద ప పిల్ల కనపడుతోంది. ఏం జరిగిందో ఇంకా ఎవరూ చెప్పలేదు. చేతులు చున్నీలోంచి బయటికి తీసి, ఎవరూ చూడటంలేదనుకుని, వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకుంటోంది.

అయ్యగారు "నీ కుమారుని నామమున" అనే చోటికి వచ్చేశారు. ఇంక ఒక్క మాటే ఉంది.

"ఆగండి," అన్నాను.

ప్రార్థన మధ్యలో మాట్లాడిన మనిషిని ఆ గదిలో నేనెప్పుడూ చూడలేదు. అందరూ కళ్ళు తెరిచారు. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఆఖరి చీటీ నాదండి, అందులో ఉన్నది వ కాదు, ప అన్నాను.

అయ్యగారు చీటీ తీసి మళ్ళీ చూశారు. హెడ్మాస్టారికిచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూసి, వ నే కదమ్మా ఇది, తలకట్టు అంటుకుంది అన్నారు.

"ఫలితం విన్నాక అక్షరం మారిందా దొడ్డమ్మా?" అన్నాడు కోశాధికారి. నవ్వుతూనే అన్నాడు. నేననుకున్న మాటే, ఒక్క అక్షరం పొల్లుపోలేదు.

నా ప ఇలాగే ఉంటుంది, నా వ వేరేగా ఉంటుంది, పుస్తకం చూడండి అన్నాను. బీరువా ఆ గదిలోనే ఉంది. తాళం చెవి నా బొడ్లో ఉంది. ఇంట్లో మర్చిపోయానంటే అక్కడితో సరిపోయేది, ఆ ఆలోచన కూడా వచ్చింది. తాళం చెవి రెండుసార్లు కన్నం తప్పింది. సెక్రటరీ లేచి, నేను తీస్తానుండండి మామ్మగారూ అన్నాడు. వద్దన్నాను.

పుస్తకం బల్ల మీద పెట్టగానే కోశాధికారే ముందు అందుకున్నాడు. మధ్యలో ఒక పేజీ తెరిచి పైకి చదివాడు. "వాస్టరు గారు వ్రార్థన చేసిరి. వాట వాడితిమి." చదివి, అయ్యగారి వైపు తిరిగి, పదకొండేళ్ళుగా మీరు వాస్టరు గారేనండి అన్నాడు. సెక్రటరీకి నవ్వు ఆగలేదు. అయ్యగారు కూడా పెదవి బిగబట్టారు. తప్పు పట్టను, నవ్వొచ్చేట్టే ఉంది. నేను మాత్రం గోడకున్న గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ముల్లు పన్నెండూ ఇరవై దాటింది. ఇంక చెయ్యడానికేమీ లేదు, నా దగ్గర ఉన్నదంతా బల్ల మీద పెట్టేశాను.

హెడ్మాస్టారు నవ్వలేదు. పుస్తకం ఇలా ఇవ్వు అని తీసుకుని, నా చీటీ పక్కన పెట్టుకుని, బడిలో కాంపోజిషన్లు దిద్దినట్టు పేజీ పేజీ తిప్పడం మొదలుపెట్టారు. నాకు ఆయన చీటీ ఏదో తెలుసు. ఆయన రాసే వ అచ్చులో ఉన్నట్టుంటుంది, మొదట తీసింది అదే. అంటే తన ఓటుకి ఎదురుగా వెతుకుతున్నారు. అలాంటి మనిషి ఎంత వెతుకుతాడులే అనుకున్నాను. ఆయన వెతుకుతూనే ఉన్నారు. గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు రాసిన పేజీ దగ్గర ఆగారు. వరద వచ్చినవారికి పాత బట్టలు పంపితిమి అని ఉంది అక్కడ. దాని మీద వేలు పెట్టి కదపలేదు. నేను చదివేటప్పుడు పెట్టినట్టే పెట్టారు.

"ఈవిడ వ కి సున్న ఉందండి," అన్నారు. "అన్ని పేజీల్లోనూ ఉంది. చీటీలో సున్న లేదు. ఇది ప."

అలాగైతే మళ్ళీ చీటీలు వేద్దామండి అన్నాడు కోశాధికారి.

"ఎందుకు? నా చీటీ నేను మార్చను. ఈవిడ తన చీటీ మార్చలేదు. మనం తప్పు చదివాం," అన్నారు హెడ్మాస్టారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, తప్పు రాసింది మాత్రం నువ్వే అన్నారు. ఆయ్, నేనే అన్నాను.

సెక్రటరీ ఫోన్లో ఒక ఇంటిపేరు కొట్టేసి ఇంకో ఇంటిపేరు పెట్టాడు. అయ్యగారు ప్రార్థన ఆగిన చోటు నుంచి ఆ ఒక్క మాటా అని ముగించారు. ఆమేన్ నాకు వినపడలేదు.

వ పిల్ల తల్లి గుమ్మంలోంచి కదల్లేదు. నేను ఆవిడ దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళడానికి భయపడ్డాను. ఆవిడే నా దగ్గరికి వచ్చింది. "మా అత్తగారుంటే ఇప్పుడు కూడా మీ చేతి మీద స్కేలుతో కొట్టేది అక్కా," అంది. నవ్వుతూ అందో, ఏడుస్తూ అందో నాకు తెలియలేదు. కొట్టాల్సిందే అన్నాను. వ పిల్ల లోపలికి వచ్చి సంగతి విని, కీబోర్డు కవరు జిప్పు మెల్లగా లాక్కుని, తల్లిని తీసుకుని వెళ్ళిపోయింది. పది నిమిషాల సేపు ఆ పిల్ల చేతిలో ఉన్న ఢిల్లీని నేనే ఇచ్చి నేనే లాక్కున్నాను.

ప పిల్ల ఢిల్లీ వెళ్ళొచ్చింది. రాజమండ్రి హాస్టల్లో ఉండి ఆగిపోయిన డిగ్రీ చదువుకుంటోంది. మొన్న ఆదివారం వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు మామూలు రంగుకొచ్చాయి. నేను సంతోషపడ్డాను గానీ భయం వదల్లేదు.

ఎందుకంటే ఆ రోజు నుంచి ఒకటే ఆలోచన. ఆ వరదప్పుడు మా చర్చి తరఫున బియ్యం ఎవరెవరికి ఇవ్వాలో జాబితా రాసింది నేనే. జాబితా రాసిచ్చాను, పంచినవాళ్ళు వేరే ఊరివాళ్ళు. అందులో కాలవ అవతలి పేటవాళ్ళవి ప తో మొదలయ్యే ఇంటిపేర్లున్నాయి. ఆ ఇళ్ళవాళ్ళు క్యూలో నిలబడి, మీ పేరు లేదంటే, తిరిగి వెళ్ళిపోయారేమో. నన్ను ఎవరూ వచ్చి అడగలేదు. అడగకపోవడానికి పేరు ఉండటం ఒక కారణం కావచ్చు. అడగడానికి మొహం చెల్లకపోవడం ఇంకో కారణం కావచ్చు. ఏదో నాకు తెలియదు. ఆ పేటకి వెళ్ళి ఇల్లిల్లూ అడగాలని రెండుసార్లు బయల్దేరి, కాలవ వంతెన దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. ఈసారి దాటాలి.

పుస్తకం నా చేతిలోంచి ఎవరూ తీసుకోలేదు. హెడ్మాస్టారు మాత్రం నాలుగు గీతల కాపీ పుస్తకం ఒకటి పంపించారు, చిన్నపిల్లలది. రోజూ మధ్యాహ్నం ఒక పేజీ ప రాస్తున్నాను. డెబ్బై దాటాక ప దిద్దుతున్నానని మనవరాలు నవ్వుతోంది, నవ్వనీ. సమాజంలో వ పిల్ల తల్లి ఇప్పటికీ నా పక్కనే కూర్చుంటుంది. ఇదివరకు పాటల పుస్తకం మా ఇద్దరి మధ్యా పట్టుకునేది. ఇప్పుడు తన ఒళ్ళోనే పెట్టుకుంటోంది. నేను నా పుస్తకం తెచ్చుకుంటున్నాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు వీరు. బల్లకి తల దగ్గర మా సంఘం పాస్టరు గారు. ఆయనకి కుడి పక్కన రిటైరైన హెడ్మాస్టారు. ఎడమ పక్కన రైసుమిల్లు కాటా దగ్గర పనిచేసే కోశాధికారి. ఫోను పట్టుకుని కరెంటాఫీసు కుర్రాడు, యువజన సెక్రటరీ. బీరువా దగ్గర స్త్రీల సమాజం తరఫున నేను. గుమ్మంలో వ పిల్ల తల్లి. వరండాలో కీబోర్డు పక్కన వ పిల్ల. బయట వేపచెట్టు కింద, లోపల తన గురించి ఏం తేలుస్తున్నారో తెలియకుండా నిలబడినది ప పిల్ల.

ఈ ప కి పెన్ను ఎత్తి పెట్టాను.